ఉబ్బసం: కఫం వేరు, కండరం బిగువు వేరు

ఇప్పపువ్వు రాలే రోజులు వచ్చాయంటే సిరొంచ చుట్టుపక్కల అడవి అంచుల్లో పొగ లేస్తుంది. పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకులు తగలబెడతారు. ఇంట్లో కట్టెల పొయ్యి, అరుగు మీద బీడీ, గోదావరి ఒడ్డున మిర్చి కల్లాల్లో ఘాటు ఉండనే ఉన్నాయి. 'హకీం సాబ్, దమ్ము ఆగుతలేదు' అంటూ వచ్చేవారు ఈ రోజుల్లోనే ఎక్కువవుతారు.

కొన్నేళ్ళ కిందట ఇదే కాలంలో ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. నది అవతల మిర్చి ఏరడానికి వెళ్ళి వచ్చింది. చిక్కటి కఫం, రాత్రంతా దగ్గు. జోషాందా (కషాయం) రాసిచ్చాను. వారం రోజుల్లో కఫం పలచబడి బయటికి వచ్చింది, మనిషి తేరుకుంది. మరికొన్ని రోజులకు ఒక రాత్రి ఆమెకు ఊపిరి అందలేదు. మాట పెగలని స్థితిలో దవాఖానకు చేర్చారు. అల్లాహ్ దయవల్ల బతికింది. తరువాత నాతో ఆమె అన్న మాట ఇది: 'జోషాందా తాగుతున్న కదా సాబ్, ఇంక పంపు ఎందుకని తీసి పెట్టేసిన. పంపు అలవాటైతదని అందరు అన్నరు.'

ఆమె దగ్గర పంపు (ఇన్‌హేలర్) ఉందో లేదో నేను అడగలేదు. మానవద్దని చెప్పలేదు. ఆ తప్పు నాది. అందుకే ఈ వారం పాఠం కాస్త నింపాదిగా చదవండి. ఉబ్బసంలో ఊపిరి ఎందుకు ఆగుతుంది, ఏ మందు ఎక్కడ పనిచేస్తుంది అన్నది తెలిస్తే ఇలాంటి పొరపాటు జరగదు.

బల్గం, తషన్నుజ్

ఉబ్బసాన్ని యునానీలో 'జీఖున్నఫస్' అంటారు. అంటే శ్వాస ఇరుకు కావడం. మన హకీములు ఇందులో రెండు సంగతులు చెబుతారు. ఒకటి బల్గం, అంటే శ్వాసనాళాల్లో చేరే చిక్కటి కఫం. రెండోది తషన్నుజ్, అంటే కండరం పట్టేయడం, బిగుసుకుపోవడం. కఫాన్ని పండించి బయటికి పంపే మందును 'ముఖ్రిజె బల్గం' అంటారు. బిగువును వదిలించే మందును 'దాఫె తషన్నుజ్' అంటారు. రెండు పనులకు రెండు పేర్లు పెట్టారంటే ఆ రెండూ ఒకటి కావని పెద్దలకు తెలుసు. మరిచిపోయింది మనమే.

నేటి వైద్యశాస్త్రం వీటికి మూడోది కలిపింది. అది నాళాల లోపలి పొరలో వాపు. ఉబ్బసానికి మూలం ఈ వాపే. అయితే అర్ధరాత్రి నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా కండరం బిగువు. ముందు దాని సంగతి చూద్దాం.

కండరానికి కాల్షియం ఎందుకు?

మన ఊపిరితిత్తుల్లోని శ్వాసనాళాల చుట్టూ మెత్తటి కండరం ఉంటుంది. ఇది చేతి కండరంలా మన మాట వినదు, దాని పని అది చేసుకుపోతుంది. ఇది బిగిస్తే నాళం ఇరుకవుతుంది. గాలి పిల్లనగ్రోవిలోంచి పోయినట్టు పిల్లికూతలు వినిపిస్తాయి.

కండరం బిగియడానికి కాల్షియం కావాలి. 1880ల ఆరంభంలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షలు చేశాడు. కుళాయి నీటితో చేసిన ద్రవంలో గుండె చాలాసేపు కొట్టుకుంది. శుద్ధమైన బట్టీ నీటితో చేస్తే తొందరగా ఆగిపోయింది. తేడా కుళాయి నీటిలో ఉన్న కాల్షియం వల్లనే వచ్చిందని ఆయన కనిపెట్టాడు. మనం తాంబూలంలో రాసుకునే సున్నంలో ఉండేది కూడా ఈ కాల్షియమే.

శ్వాసనాళపు కండరంలోని ఒక్కొక్క కణాన్ని ఒక ఇల్లు అనుకోండి. ఇంటి చుట్టూ చెరువులా కాల్షియం నిండి ఉంటుంది. కండరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇంటి లోపల కాల్షియం నామమాత్రం. బయట దాదాపు పది వేల రెట్లు ఎక్కువ. అయితే ఇంట్లో ఒక మూల గోళెం ఉంటుంది. అందులో కాల్షియం నింపి మూత పెట్టి ఉంటుంది. శాస్త్రంలో ఈ గోళెం పేరు సార్కోప్లాస్మిక్ రెటిక్యులం. ఈ మూత తెరిపించే కబురు వస్తేనే కండరం బిగుస్తుంది.

బిగించే కబుర్లు

కబురు తెచ్చేవి రసాయనాలు. వాటిలో మూడింటిని గుర్తు పెట్టుకోండి.

మొదటిది ఎసిటైల్ కోలిన్. ఇది వేగస్ నరం కొసల నుంచి వస్తుంది. పొగ, ఘాటు, చల్లగాలి తగిలినప్పుడు నరం ఉలిక్కిపడి దీన్ని వదులుతుంది. రెండోది హిస్టమిన్. దుమ్ము, పుప్పొడి పడనివారిలో మాస్ట్ కణాలు దీన్ని విడుదల చేస్తాయి. మూడోది ల్యూకోట్రయిన్. ఇది కూడా అలెర్జీ కణాల నుంచే వస్తుంది. కండరాన్ని బిగించడంలో హిస్టమిన్ కంటే ఎన్నో రెట్లు బలమైనది.

ఈ మూడూ కణం లోపలికి పోవు. కణం గోడ మీద ఒక్కొక్కదానికి ప్రత్యేకమైన తలుపు ఉంటుంది, దాన్ని తడతాయి. తలుపు చప్పుడు విని లోపల ఐ.పి.3 అనే చిన్న అణువు తయారవుతుంది. అది గోళెం దగ్గరికి పోయి మూత తెరుస్తుంది. ఐ.పి.3 చేసే ఈ పని 1983లో మైఖేల్ బెర్రిడ్జ్, ఆయన సహచరుల పరిశోధనతో లోకానికి తెలిసింది.

గోళెంలోంచి వచ్చిన కాల్షియం కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీనుతో కలుస్తుంది. ఆ జంట ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది. అప్పుడు యాక్టిన్, మయోసిన్ అనే పోగులు ఒకదాని మీద ఒకటి జారి కండరం బిగుస్తుంది. కాల్షియం ఒక్కసారి పొంగి ఊరుకోదు. అలలు అలలుగా లేస్తుంది. కబురు ఎంత గట్టిగా ఉంటే అలలు అంత తరచుగా వస్తాయి, బిగువు అంత పెరుగుతుంది. గోళెం ఖాళీ అవుతుంటే బయటి చెరువు నుంచి కూడా కాల్షియం లోపలికి వచ్చి దాన్ని నింపుతుంది.

పని అయ్యాక కాల్షియాన్ని తిరిగి గోళెంలోకి తోడే పంపులు కూడా కణంలో ఉన్నాయి. అవి నడవడానికి ఎ.టి.పి. అనే ఇంధనం కావాలి. ఆ ఎ.టి.పి.ని 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో గుర్తించినవాడు మన తెలుగువాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మరి పాలు, సున్నం మానాలా?

ఇక్కడిదాకా చదివినవారికి ఈ అనుమానం రావడం సహజం. మానవలసిన పని లేదు. మనం తినే కాల్షియం ఎంతైనా రక్తంలో దాని పరిమాణాన్ని శరీరం ఒక హద్దులోనే ఉంచుతుంది. ఉబ్బసంలో తేడా కాల్షియం ఎక్కువ కావడం వల్ల రాదు. మూత తెరిపించే కబుర్లు ఎక్కువ కావడం వల్ల వస్తుంది. కాబట్టి పాలు, రాగిజావ, డాక్టరు రాసిన కాల్షియం బిళ్ళలు ఉబ్బసానికి భయపడి ఆపకండి. పాలకు అలెర్జీ ఉన్నట్టు తేలినవారి సంగతి వేరు.

కాల్షియం దారిని మూసే బి.పి. బిళ్ళలు (ఆమ్లోడిపిన్ వంటివి) ఉన్నాయి కదా, అవి వేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. అవి మూసేది బయటి చెరువు వైపు ఉన్న ఒక రకం తూమును. శ్వాసనాళపు కండరం ముఖ్యంగా లోపలి గోళెం మీద ఆధారపడుతుంది. అందుకే అవి ఉబ్బసానికి మందు కాలేదు.

వదిలించే కబురు

బిగించే కబుర్లు ఉన్నట్టే వదిలించే కబురు కూడా ఉంది. అది ఎడ్రినలిన్. కణం గోడ మీద దానికి బీటా-2 అనే తలుపు ఉంది. ఆ తలుపు తడితే లోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అనే అణువు పుడుతుంది. ఈ అణువును కనిపెట్టి, హార్మోన్ల కబురును కణం లోపల ఇదే మోస్తుందని చూపిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. సైక్లిక్ ఎ.ఎం.పి. వల్ల కాల్షియం అలలు నెమ్మదిస్తాయి, బిగించే ఎంజైము మందగిస్తుంది, కండరం వదులవుతుంది.

నీలి పంపులో ఉండే సాల్బ్యుటమాల్ తట్టేది ఈ బీటా-2 తలుపునే. మందు నేరుగా కండరం దగ్గరికే చేరుతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లోనే ఊపిరి ఆడుతుంది. జోషాందా ఈ పని చేయలేదు. అది కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, కఫాన్ని పలచబరచాలి. అది గంటలు, రోజులు పట్టే పని.

దీనికి సంబంధించిన ఒక హెచ్చరిక. గుండెదడకు, తలనొప్పికి, చేతుల వణుకుకు కొన్నిసార్లు ఇచ్చే ప్రొప్రనలాల్ అనే బిళ్ళ ఈ బీటా తలుపునే మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదం. ఏ దవాఖానకు వెళ్ళినా, ఏ జబ్బుకు వెళ్ళినా 'నాకు దమా ఉంది' అని ముందే చెప్పండి.

మూలికలు చూపిన దారి

ఈ ఇంగ్లీషు మందులు మనకు పరాయివని అనుకోవద్దు. వీటిలో కొన్నింటికి దారి చూపింది మూలికలే.

ఉమ్మెత్తను యునానీలో 'జౌజె మాసిల్' అంటారు. దాని ఆకు పొగను దమాకు పీల్చే పద్ధతి మన దక్షిణాదిలో ఉండేది. 1802లో అది మద్రాసు నుంచి ఇంగ్లండుకు చేరింది. ఉమ్మెత్తలోని ఎట్రోపిన్ ఎసిటైల్ కోలిన్ తట్టే తలుపును మూస్తుంది. అదే దారిలో తయారైన ఇప్రట్రోపియంను ఈ రోజు దవాఖానల్లో ఆవిరి యంత్రంలో (నెబ్యులైజర్) వాడుతున్నారు. కానీ ఉమ్మెత్త విషం. ఏ ఆకులో ఎంత విషం ఉందో కంటికి తెలియదు. ఇంట్లో ఎవరూ దాన్ని కాల్చి పీల్చకూడదు, తినకూడదు.

ఈజిప్టులో ఖిల్లా అనే మొక్క గింజలు పాతకాలం నుంచి వాడుకలో ఉన్నాయి. వాటిలోని ఖెల్లిన్ మీద సాగిన పరిశోధన క్రోమోగ్లైకేట్ అనే మందుకు దారి తీసింది. మాస్ట్ కణాలు హిస్టమిన్ వదలకుండా ఆపే మందు ఇది. సిరియాలో పుట్టిన డాక్టర్ రోజర్ ఆల్టూన్యన్ తనకున్న ఉబ్బసం మీదనే పరీక్షించి చూసి దీన్ని తెచ్చాడు.

మన పెరళ్ళలో పెరిగే అడ్డసరం (అడూసా)లోని వాసిసిన్ నమూనాగా బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. ఇది కఫాన్ని పలచబరిచే మందు. గర్భిణులు అడ్డసరం వాడకూడదు.

గమనించండి. ఒకటి తలుపు మూస్తుంది, ఒకటి కబురును పుట్టనివ్వదు, ఒకటి కఫాన్ని చూసుకుంటుంది. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు.

పంపు అలవాటవుతుందా?

కాదు. నీలి పంపు మళ్ళీ మళ్ళీ కావలసి వస్తోందంటే లోపల వాపు పెరుగుతోందని అర్థం. వారంలో రెండు రోజుల కంటే ఎక్కువ కావలసి వస్తే జబ్బు అదుపులో లేదు. పైగా అదొక్కటే అదే పనిగా వాడుతుంటే బీటా-2 తలుపులు స్పందించడం తగ్గిపోతుంది.

వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్ (బుడెసొనైడ్ వంటిది). ఇది కబుర్లు పుట్టించే అలెర్జీ కణాలను శాంతపరుస్తుంది, బీటా-2 తలుపుల సంఖ్యను కూడా పెంచుతుంది. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గానీ, బిళ్ళలో మందు మిల్లీగ్రాముల్లో ఉంటే పీల్చే పంపులో మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్కన ఉంటుంది. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. దమా తగ్గినట్టు అనిపించినా డాక్టరు చెప్పేదాకా దీన్ని ఆపకూడదు. 2019 నుంచి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు పెద్దవారికి, యుక్తవయసు పిల్లలకు ఒక్క నీలి పంపుతోనే వైద్యం చేయవద్దని, దానితో పాటు పీల్చే స్టెరాయిడ్ ఉండాలని చెబుతున్నాయి. రెండూ కలిసిన పంపులు కూడా ఉన్నాయి.

ఇందుకు భిన్నంగా, పేరూ కంపెనీ లేని 'దమా పొడి' పొట్లాలు కొనకండి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు బయటపడ్డాయి. ఒక్క రోజులో ఉబ్బసం మాయం చేసే పొడిని అనుమానించాల్సిందే. మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాదు వెళ్ళేవారు కూడా పంపును జేబులో పెట్టుకునే వెళ్ళండి, వచ్చాక మానకండి.

యునానీ చేయగలిగింది

యునానీలో ఆరోగ్యానికి ఆరు ఆధారాలు (అస్బాబె సిత్తా జరూరియా) చెప్పారు. వాటిలో మొట్టమొదటిది హవా, అంటే గాలి. 12వ శతాబ్దం చివర కైరోలో మూసా బిన్ మైమూన్ అనే హకీం ఒక దమా రోగి కోసమే పుస్తకం రాశాడు. మందు కంటే ముందు గాలి, తిండి, నిద్ర సరిచేసుకోమన్నదే అందులోని సారాంశం. కబురు పుట్టకుండా చూడడం కాల్షియం లెక్కలో కూడా మేలైన వైద్యం.

* ఇప్పచెట్టు కింద ఆకులు తగలబెట్టకుండా ఊడ్చి పక్కకు తీయండి, లేదా కింద పాత చీర గానీ, వల గానీ పరచండి. అడవికీ మంచిది, ఊపిరికీ మంచిది.
* దమా ఉన్న మనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టకండి. వీలైతే గ్యాసు వాడండి, లేదంటే పొయ్యిని ఆరుబయటికి మార్చండి.
* ఇంట్లో బీడీ కాల్చవద్దు. ఊదు, అగరొత్తి పొగ కూడా పొగే.
* మిర్చి పనికి వెళ్ళేవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. పంపు కొంగున ముడి వేసుకోండి.
* రాత్రి భోజనం తేలికగా, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి.

కఫం చిక్కగా ఉన్నప్పుడు బెహీదానా 3 గ్రాములు, ఉన్నాబ్ 5 కాయలు, సపిస్తాన్ 9 కాయలు నీటిలో మరిగించి వడపోసి గోరువెచ్చగా తాగడం మన పాత జోషాందా. లవూఖె సపిస్తాన్, షర్బతె జూఫా కూడా కఫానికి వాడేవే. మోతాదు మీ హకీంను అడిగి తెలుసుకోండి. అతిమధురం (అస్లుస్సూస్) ఎక్కువ రోజులు వాడితే బి.పి. పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు దాని జోలికి పోవద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించవద్దు. ఇవన్నీ పంపుతో పాటే. పంపుకు బదులు కాదు.

ప్రతి పిల్లికూతా ఉబ్బసం కాదు

గడ్చిరోలి బోదకాలు వ్యాధి ఉన్న జిల్లా. ఆ వ్యాధిని కలిగించే ఫైలేరియా క్రిముల పిల్లలకు కొందరి ఒంట్లో అలెర్జీ లేచి రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు వస్తాయి. దీన్ని ఈసినోఫిలియా అంటారు. చూడడానికి అచ్చం దమాలాగే ఉంటుంది. ఒక్క రక్తపరీక్షతో అనుమానం తెలుస్తుంది. దీనికి మందు డి.ఇ.సి. (హెట్రజాన్). దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో తయారుచేసిన బృందానికి నాయకుడు కూడా పైన చెప్పిన సుబ్బారావుగారే. కాబట్టి మొదటిసారి దమా అని అనుమానం వచ్చినవారు రక్తపరీక్ష, ఊదుడు పరీక్ష (స్పైరోమెట్రీ) చేయించుకోండి.

ఆ రాత్రి వస్తే

మాట పూర్తిగా పలకలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం, పెదవులు నీలంగా మారడం, పంపు కొట్టినా తగ్గకపోవడం, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగి మనిషి మత్తుగా అయిపోవడం... ఇవి ప్రమాద సూచనలు. కూత ఆగింది, తగ్గిందని మురిసిపోవద్దు. గాలి ఆడడమే ఆగిందని అర్థం కావచ్చు.

మనిషిని కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. నీలి పంపును స్పేసర్ డబ్బాకు పెట్టి ఒక పఫ్ కొట్టి నాలుగైదు శ్వాసలు తీయించండి. ఇలా 4 నుంచి 10 పఫ్‌ల దాకా ఇవ్వవచ్చు. మొదటి గంటలో 20 నిమిషాలకోసారి మళ్ళీ ఇవ్వవచ్చు. అయితే ఆ గంట ఇంట్లో కూర్చుని గడపవద్దు. పంపు ఇస్తూనే బయలుదేరండి. 108కి ఫోను చేయండి. ఆ నంబరు మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఒకటే. గడ్చిరోలి మనకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి ముందు సిరొంచ గ్రామీణ దవాఖానకు, లేదా వంతెన దాటి మీకు దగ్గరగా ఉన్న దవాఖానకు చేరండి. ఆక్సిజన్, నెబ్యులైజర్ అందిన తరువాత ఎక్కడికి వెళ్ళాలో వారే చెబుతారు.

ఆ తల్లి ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంది. కఫం చేరినప్పుడు జోషాందా తీసుకుంటుంది. నేను చీటీ రాసే ముందు అడిగే మొదటి మాట మారింది. 'అమ్మా, పంపు ఏదీ, చూపించు' అంటాను. కొంగు ముడి విప్పి చూపిస్తుంది. మీ ఇంట్లో దమా ఉన్నవారిని ఈ రోజే అలా అడగండి. పంపులో మందు ఉందో లేదో, దాని మీద తేదీ దాటిందో లేదో చూడండి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. దువా చేద్దాం, దవా కూడా చేతికి అందేలా ఉంచుకుందాం.